మన్రో కంటిపాప

వేంపల్లె నుంచి పాపాఘ్ని ఏటి వెంట కొంత దూరం పోతే కొండ రెండుగా చీలిన చోటొకటి వస్తుంది. ఏరు కొండల్ని కోసుకుని బయటపడే ఆ చోటినే గండి అంటారు. అక్కడి వీరాంజనేయస్వామి గుడి శ్రావణ శనివారాల్లో జనంతో కిక్కిరిసిపోతుంది. వాయుదేవుడు అక్కడ తపస్సు చేస్తుండేవాడనీ, లంకను గెలిచి తిరిగొస్తున్న రాముడికి స్వాగతంగా ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడనీ, రాముడు అంబు మొనతో బండ మీద ఆంజనేయుడి రూపు గీశాడనీ స్థలపురాణం. ఆ తోరణం ఇప్పటికీ అక్కడే ఉందని నమ్మిక. అయితే అది అందరి కంటికీ ఆనదు. పుణ్యం చేసుకున్నవాళ్లకు, అదీ ఆయువు తీరబోయే ముందు మాత్రమే కనబడుతుందట. దీనికి ఈ సీమ జనం చూపే సాక్షి పూజారీ కాదు, యోగీ కాదు, ఒక తెల్లదొర. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా, 1820 నుంచి మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ థామస్ మన్రో గండిలో పోతూ తల పైకెత్తి, కొండల నడుమ ఆ తోరణం ఎవరు కట్టారని అడిగాడట. వెంట ఉన్నవాళ్లకు ఆకాశం తప్ప ఇంకేమీ కనపడలేదట. స్వదేశానికి వెళ్లిపోయే ముందు ఈ మండలాలను కడసారి చూసిపోదామని వచ్చిన మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. పత్తికొండ మరణం చరిత్రలో ఉంది, గండి తోరణం జనం నోట ఉంది. ఈ రెంటికీ ముడివేసింది నమ్మకం.

ఈ కథను కొట్టిపారేయడం ఎంత తేలికో, కళ్లకద్దుకోవడమూ అంతే తేలిక. రెండు పనుల్లోనూ ఆలోచించే అవసరం రాదు. ఆలోచించాల్సిన ప్రశ్న వేరే ఉంది. నలుగురు ఒకే చోట నిలబడి ఒకే దిక్కు చూస్తున్నప్పుడు ఒకడికి మాత్రం ఏదో కనబడిందంటే, ఆ 'కనబడటం' ఎక్కడ జరిగినట్టు? కొండల మధ్యనా, కంట్లోనా, మనసులోనా? పాతకాలంలో దీన్ని తర్కంతోనే తేల్చుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు కంటి ముందు చిన్న కెమెరా పెట్టి, కంటిపాప ఎంత విచ్చుకుందో ఎంత ముడుచుకుందో క్షణక్షణం కొలిచే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో కొన్ని ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకోగలిగినవి. గండికి దగ్గర్లోనే, వేంపల్లె మండలం ఇడుపులపాయలో, 2008లో పల్లెటూరి పిల్లల కోసం పెట్టిన ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడి విద్యార్థికి ఇలాంటి పరికరం తయారుచేసుకోవడం అసాధ్యమేమీ కాదు. మన్రో కంటికి అలాంటి కెమెరా ఉండి ఉంటే తోరణం సంగతి తేలిపోయేదా? తేలదని నా వాదన. అయితే మామూలుగా చెప్పే కారణం చేత కాదు. 'యంత్రానికి ఆధ్యాత్మికం అందదు' అనే మాట నాకు సోమరితనంగా తోస్తుంది. యంత్రానికి అందేవి చాలానే ఉన్నాయి. ఏవి అందుతాయో సరిగ్గా తెలిస్తేనే ఏది అందదో తెలుస్తుంది.

కంటిపాప అంటే ఒక వస్తువు కాదు, ఐరిస్ మధ్యలో ఉన్న రంధ్రం. మంచి వెలుతురులో దాని అడ్డుకొలత సుమారు 2 మిల్లీమీటర్లు, చిమ్మచీకట్లో సుమారు 8. ముడిచే కండరం ఒకటి, విప్పే కండరం ఒకటి. మొదటిది శరీరాన్ని నెమ్మదింపజేసే నాడుల ఆధీనంలో, రెండోది బెదురూ ఉద్వేగమూ కలిగినప్పుడు శరీరాన్ని ఉసిగొల్పే నాడుల ఆధీనంలో ఉంటాయి. మామూలు కెమెరాతో మన కళ్లను కొలవడం కష్టం. ముదురు గోధుమ రంగు ఐరిస్ నడుమ నల్లటి పాప ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం మనిషికే కష్టం. అందుకే కంటికి కనబడని పరారుణ కాంతిని వాడతారు. ఆ కాంతిలో ముదురు ఐరిస్ కూడా లేత బూడిద రంగుకు తిరిగి, పాప ఒక్కటే నల్లగా విడిగా నిలుస్తుంది. ఇక సాఫ్ట్‌వేర్ పని ఆ నల్లటి ముద్దను వెతకడం. రెప్పవెంట్రుకలు కూడా నల్లగానే ఉంటాయి, కాబట్టి నలుపు ఒక్కటే గుర్తు కాదు. అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2005లో ప్రకటించిన ఒక పద్ధతిలో, పాప మధ్య అనుకున్న చోటు నుంచి నలుదిక్కులా గీతలు పంపి, నలుపు ఠక్కున తెలుపుకు మారే బిందువుల్ని పట్టుకుంటారు. పొరపాటు బిందువుల్ని ఏరిపారేసి, మిగిలినవాటి మీదుగా ఒక దీర్ఘవృత్తాన్ని అమరుస్తారు. వృత్తం కాదు, దీర్ఘవృత్తమే, ఎందుకంటే కన్ను పక్కకో పైకో తిరిగితే గుండ్రటి పాప కెమెరాకు నలిగినట్టు కనబడుతుంది. ఈ సంగతి లెక్కలో వేసుకోకపోతే, మనిషి తల కదపకుండా చూపు మాత్రం పైకి ఎత్తినందుకే 'పాప ముడుచుకుంది' అని యంత్రం చెబుతుంది. రెప్ప వాల్చినప్పుడల్లా కొలత తెగిపోతుంది, ఆ ఖాళీని అటూ ఇటూ ఉన్న అంకెలతో పూడ్చాలి. చివరికి దొరికేది పిక్సెళ్ల లెక్క. దాన్ని మిల్లీమీటర్లలోకి మార్చడం మరో పని.

ఇంత శ్రమ ఎందుకంటే, పాప వెలుగుకు మాత్రమే కదిలేది కాదు గనుక. షికాగోలో ఎక్‌హార్డ్ హెస్, జేమ్స్ పోల్ట్ అనే ఇద్దరు 1960లో, ఆసక్తి కలిగించే బొమ్మను చూసినప్పుడు పాప విచ్చుకుంటుందని చూపించారు. 1964లో లెక్కలిచ్చి చూశారు. ఏడెనిమిదులెంత అంటే పాప కాస్త విచ్చుకుంది, పదహారును ఇరవై మూడుతో హెచ్చవేయమంటే ఇంకా ఎక్కువ విచ్చుకుంది, జవాబు దొరకగానే తగ్గింది. ఆ తర్వాత రెండేళ్లకు డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ అంకెల వరసలు వినిపించి గుర్తుపెట్టుకోమన్నారు. ఒక్కో అంకె చెవిన పడుతుంటే పాప మెట్టు మెట్టుగా పెరిగింది, తిరిగి అప్పజెబుతుంటే మెట్టు మెట్టుగా దిగింది. ఈ మార్పులు చాలా చిన్నవి, తరచూ అర మిల్లీమీటరుకు లోపే. చిన్నవైనా దాచుకోలేనివి. మొహం బిగపట్టగలం, మాట మింగగలం, కంటిపాపను మాత్రం ఇలా ఉండమని నేరుగా శాసించలేం. మనసు పడే శ్రమ శరీరం మీద రాసే రాతల్లో ఇంత నిజాయితీ గలది మరొకటి దొరకడం కష్టం.

ఇప్పుడు గండికి పోదాం. మన్రో తల ఎత్తాడు. ఆ క్షణంలో ఆయన పాపను కదిపే కారణాలు ఎన్ని? కొండనీడలోంచి ఆకాశం వైపు చూస్తే వెలుతురు పెరుగుతుంది, అర సెకను గడవక ముందే పాప ముడుచుకోవడం మొదలవుతుంది. చూపు పైకి తిరిగింది గనుక కెమెరాకు పాప నలిగి చిన్నదిగా కనిపిస్తుంది. ఆయనకు 66 ఏళ్లు. ఆ వయసుకు పాపలు సహజంగానే చిన్నబడతాయి. మరోపక్క ఆశ్చర్యం పాపను విప్పుతుంది. గుర్రం మీద ఉన్నాడో నడుస్తున్నాడో, దాని అలసట ఒకటి. వీటన్నిటినీ తీసివేయగలిగితే తప్ప 'తోరణం చూసినందుకు ఇంత' అని ఏ అంకే మిగలదు. ఇక్కడ కథే మనకు ఒక సాయం చేసింది. వెంట ఉన్నవాళ్లు అదే నీడలో, అదే ఆకాశం కింద, అదే దిక్కుకు చూశారు, వాళ్లకేమీ కనబడలేదు. ప్రయోగశాల భాషలో చెప్పాలంటే పోలికకు కావలసిన బృందాన్ని కథ ముందుగానే సమకూర్చి పెట్టింది. వాళ్ల పాపల కొలతను మన్రో పాప కొలత నుంచి తీసివేస్తే, వయసు తేడాను సరిచేసుకున్నాక, మిగిలేది ఆయన ఒక్కడికే జరిగినది. ఆ మిగులు కొలత 'ముడుచుకుంది' అని చెప్పిందనుకుందాం. ఆయనకు అక్కడ ఏదో మెరిసిందని రుజువైనట్టేనా?

కాదు. ఓస్లోలో బ్రూనో లాంగ్, ఉన్ని సులుట్‌వెట్ 2014లో ప్రకటించిన ప్రయోగాలు ఈ ఆశకు అడ్డుపడతాయి. మనుషుల్ని ఎండ కాసే ఆకాశాన్ని మనసులో ఊహించుకోమన్నారు, చీకటి గదిని ఊహించుకోమన్నారు. ఎదురుగా ఉన్న వెలుతురులో మార్పేమీ లేదు. అయినా వెలుగును ఊహిస్తే పాపలు ముడుచుకున్నాయి, చీకటిని ఊహిస్తే విచ్చుకున్నాయి. లేని వెలుగుకు కన్ను ఉన్న వెలుగుకు మల్లే స్పందించిందన్నమాట. అంతకు ఏడాది ముందు మరికొందరు, సూర్యుడి ఫొటోను చూసినప్పుడు, అంతే వెలుతురున్న వేరే బొమ్మకన్నా పాప ఎక్కువగా ముడుచుకుంటుందని చూపారు. ఫొటోలోని సూర్యుడికి అదనపు వెలుగు లేదు, 'ఇది సూర్యుడు' అన్న గుర్తింపే ఉంది. కాబట్టి మన్రో పాప ముడుచుకున్నా, బంగారు వెలుగు బయటి నుంచి వచ్చిందో లోపలి నుంచి వచ్చిందో కెమెరా చెప్పలేదు. ఇది యంత్రం లోపం కాదు, కంటి స్వభావం. ఆ రెంటినీ కన్నే ఒకే దారిన పంపుతోంది.

దీనికి తోడు మరో సాక్ష్యం మన పంచల్లోనే ఉంది. వినాయక చవితి పత్రిలో దత్తూర పత్రమని చేర్చేదీ, శివుడికి ఇష్టమని పువ్వు పెట్టేదీ ఉమ్మెత్తే. సీమలో బీడు పడ్డ చేల గట్ల మీద, గుడి వెనక పెంటదిబ్బల మీద దానంతట అది మొలుస్తుంది. అందులోని విషాల్లో అట్రోపిన్ ఒకటి. అది పాపను ముడిచే కండరాన్ని చచ్చుబరుస్తుంది. పొరపాటున తిన్నవాడి పాపలు విశాలంగా విచ్చుకుపోతాయి, లేనివి కనబడతాయి, లేనివాళ్లతో మాట్లాడతాడు. కళ్లాసుపత్రిలో చుక్కలు వేయించుకున్నవాడి పాపలూ అలాగే విచ్చుకుంటాయి గానీ, వాడికి ఏ దర్శనమూ కాదు, కాసేపు చదువు మసకబారుతుంది, అంతే. నల్లమందు పాపను సూదిమొనంత చేస్తుంది. ఒకే కొలత ఆశ్చర్యానికి, భయానికి, కూడికలకు, విషానికి, మందుకు సరిపోతోందంటే, అంకె నుంచి అర్థానికి తిరుగుదారి లేదనే. మండల కచేరీలో వానకొలత డబ్బా ఎన్ని మిల్లీమీటర్లు పడిందో తప్పు లేకుండా చెబుతుంది, ఆ వాన శనగ పైరును బతికించిందో కుళ్లబెట్టిందో డబ్బాను అడగం.

హేతువాది ఇక్కడ సంతోషించవచ్చు: ఇంకేం, తోరణం మన్రో ఊహ అని తేలింది కదా అని. భక్తుడూ సంతోషించవచ్చు: యంత్రం ఓడింది కదా అని. ఇద్దరిదీ తొందరపాటే. ఊహకూ చూపుకూ పాప ఒకేలా స్పందిస్తుందంటే 'కాబట్టి అది ఊహే' అని రాదు, 'ఈ సాక్ష్యంతో తేలదు' అని మాత్రమే వస్తుంది. భక్తుడి గెలుపూ బోలుదే. ఆయన కాపాడుకోవాలనుకుంటున్నది మనసును. కానీ మన తత్వదర్శనాలు మనసును ఎన్నడూ కొలతకు అందని చోట పెట్టలేదు.

ఈ చివరి మాట కొంత వివరించాలి, నా వాదనంతా దీని మీదే నిలబడింది. మనసు ఒకవైపు, శరీరం ఒకవైపు అని గోడ కట్టుకున్నవాళ్లకు మనసు మిల్లీమీటర్లలోకి దిగడం అపచారంగా తోస్తుంది. ఆ గోడ మనది కాదు. సాంఖ్యులకు మనసు ప్రకృతిలో భాగం. ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు మనసు అన్నంతో తయారైందని కొడుకు శ్వేతకేతుకు చెబుతాడు. చెప్పి ఊరుకోడు, పరీక్ష పెడతాడు. పదిహేను రోజులు అన్నం మానేసి నీళ్లు మాత్రం తాగమంటాడు. పదహారో నాడు వేదం అప్పజెప్పమంటే కొడుకుకు ఒక్క మంత్రమూ తోచదు. తిన్నాక అన్నీ తిరిగొస్తాయి. శరీరానికి ఒక మార్పు చేసి, జ్ఞాపకం మీద దాని ఫలితం చూసి, ఆ మార్పును వెనక్కి తీసుకుని మళ్లీ చూడటం. కానెమన్ అంకెల వరసలకూ ఉద్దాలకుడి మంత్రాల వరసకూ పద్ధతిలో పెద్ద ఎడం లేదు. (నేటి పరిశోధన నీతి సంఘాలు పదిహేను రోజుల పస్తుకు ఒప్పుకోవు, అది వేరే సంగతి.) అద్వైతంలో దృగ్దృశ్యవివేకం అనే చిన్న గ్రంథం ఇదే దారిని ఇంకొంచెం ముందుకు తీసుకెళుతుంది. రూపం కనబడేది, కన్ను చూసేది. కన్ను మసకబారిందని, చురుగ్గా ఉందని మనసు గమనిస్తుంది గనుక ఆ మెట్టు మీద కన్నే కనబడేదయింది. మనసు కలత పడిందని, కుదుటపడిందని తెలుస్తోంది గనుక మనసూ కనబడేదే. ఆ తెలుసుకుంటున్నది మాత్రం దేనికీ కనబడేది కాదు. ఈ గీత ప్రకారం చూస్తే కంటిపాప, దాన్ని కదిపే నాడులు, వాటి వెనక ఆశ్చర్యం, శ్రమ, ఊహ అన్నీ కనబడేవాటి వైపే ఉన్నాయి. అటువైపున్న దేన్ని కొలిచినా వేదాంతికి పోయేదేమీ లేదు. పైగా తాను చెబుతూ వచ్చినదానికి యంత్రం ఒక దృష్టాంతం ఇస్తోంది.

అదే ఉపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో మరో కథ ఉంది, అది దాదాపు ఈ కెమెరా కోసమే పుట్టినట్టుంటుంది. ఆత్మను తెలుసుకోవాలని ఇంద్రుడు, విరోచనుడు ప్రజాపతి దగ్గరికి పోయారు. కంట్లో కనబడే పురుషుడే ఆత్మ అని ఆయన చెప్పాడు. కంట్లో కనబడేది ఏమిటి? ఎదుటివాడి కంట్లోకి చూస్తే మన బొమ్మే కనబడుతుంది. నీళ్లలో, అద్దంలో కనబడేదీ అదేనా అని వాళ్లు అడిగారు. విరోచనుడు ఆ ప్రతిబింబంతో తృప్తిపడి, దేహమే ఆత్మ అని తనవాళ్లకు బోధించుకుంటూ వెళ్లిపోయాడు. ఇంద్రుడు సగం దారిలో ఆగాడు. ఒళ్లు అలంకరిస్తే అలంకరించుకునే ఆ బొమ్మ, ఒంటికి గుడ్డితనమొస్తే గుడ్డిదవుతుంది కదా అని తిరిగొచ్చాడు. అలా మళ్లీ మళ్లీ వచ్చి, మొత్తం నూటొక్క ఏళ్లు గురువు దగ్గర గడిపాడు. చూపు దిక్కును కనిపెట్టే కెమెరాలు కూడా కంటి మీద మెరిసే ప్రతిబింబాన్నే పట్టుకుంటాయి. తమ పరారుణ దీపం కార్నియా మీద చుక్కగా మెరిస్తే, ఆ చుక్కకూ పాప నడిబొడ్డుకూ మధ్య దూరం నుంచి చూపు ఎటుందో లెక్కకడతాయి. అంటే యంత్రం కంట్లో వెతికేది తాను వేసిన వెలుగునే. అది తప్పేమీ కాదు, పని అలాగే జరుగుతుంది. ఆ చుక్క దగ్గర ఆగిపోయి 'మనిషి దొరికాడు' అనుకోవడమే విరోచనుడి పని.

దీనికి గట్టి అభ్యంతరమొకటి ఉంది. ఇవాళ యంత్రం మొద్దుగా ఉంది కాబట్టి లోపలిది అందదంటున్నారు, రేపు సూక్ష్మమైతే అందుతుంది, అప్పుడేమంటారు అని. ఈ అభ్యంతరానికి బలమైన ఆధారమూ ఉంది. కొందరికి మనసులో బొమ్మ కట్టదు. తల్లి మొహాన్ని తలుచుకోమంటే ఆమె గురించి అన్నీ తెలుస్తాయి గానీ రూపం కనబడదు. దీన్ని ఎఫాంటేసియా అంటున్నారు. ఇలా చెప్పేవాళ్లు నిజం చెబుతున్నారో లేదో తెలిసేదెలా? న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ వాళ్లు 2022లో ప్రకటించిన పనిలో వీళ్లను వెలుగు రూపాలనూ చీకటి రూపాలనూ ఊహించుకోమన్నారు. మామూలు మనుషుల పాపలు ఊహించిన వెలుగుకు తగ్గట్టు మారాయి, వీళ్లవి మారలేదు. వీళ్లు ప్రయత్నించలేదేమో అనే సందేహమూ తీరింది. ఒక రూపానికి బదులు నాలుగు ఊహించుకోమన్నప్పుడు శ్రమ పెరిగినట్టు వీళ్ల పాపలు కూడా విచ్చుకున్నాయి. కష్టపడ్డారు, బొమ్మ మాత్రం రాలేదు. ఒకరి లోపల బొమ్మ ఉందా లేదా అన్నది ఇక నోటిమాట మీదే ఆధారపడనక్కర లేదని దీనర్థం. ఇది చిన్న విషయం కాదు. మన్రో నిజంగా ఏదో 'కన్నాడా', లేక తర్వాత ఎవరో అల్లారా అన్న ప్రశ్నకు, సూత్రప్రాయంగా, ఇలాంటి కొలత జవాబివ్వగలదు. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఇది సాధించింది మనసులోని బొమ్మను కనబడేవాటి పట్టికలో చేర్చడం. దృగ్దృశ్యవివేకం దాన్ని ముందే ఆ పట్టికలో వేసింది. కొలత ఎంత సూక్ష్మమైతే పట్టిక అంత పొడుగవుతుంది. పట్టిక పెరిగే కొద్దీ, దాన్ని చదువుతున్నది అందులో ఒక పద్దు అయిపోతుందని అనుకోవడానికి కారణం కనబడదు. సూక్ష్మత పెంచితే తీరే ఇబ్బంది వేరు, వస్తువును చూసే తీరులోనే ఉన్న ఇబ్బంది వేరు.

చార్వాకుడు ఇక్కడ నవ్వుతాడు. పట్టికలో ఎప్పటికీ చేరనిదాన్ని ఉందని ఎందుకనాలి? ప్రత్యక్షమే ప్రమాణం, అంకెలు చాలు అని. ఆయనకు నేను చూపేది ఉపనిషత్తును కాదు, ఆయన నమ్మే సాఫ్ట్‌వేర్‌నే. పాపను కనిపెట్టే ఏ పద్ధతి మంచిదో ఎలా తేలుస్తారు? వేల కంటి ఫొటోల్లో మనుషులు కూర్చుని, ఇదిగో పాప నడిబొడ్డు అని చేత్తో గుర్తులు పెడతారు. యంత్రం చెప్పిన చోటు ఆ గుర్తుకు 5 పిక్సెళ్ల లోపు పడితే సరిగ్గా కనిపెట్టినట్టు లెక్క, ఇది ఈ రంగంలో వాడుకగా వస్తున్న గీటురాయి. చూపును కొలిచే యంత్రానికి తప్పొప్పులు చెబుతున్నది చివరికి ఒకరి చూపే. హెస్ కాలంలో ఫిల్ము మీది ఒక్కో ఫ్రేమును పెద్దది చేసి చేత్తో కొలిచిన చూపు ఇప్పుడు ఒక మెట్టు వెనక్కి జరిగింది, పోలేదు. దీంతో శాశ్వతమైన సాక్షి ఒకడున్నాడని రుజువైందని అనను. బౌద్ధం వెంటనే అడ్డుకుంటుంది: చూపు ఉంది, సరే, చూపుల వరస ఉంది, ఆ వరసకు వెనక ఒకే ఒక్క చూసేవాడు ఎందుకు, ప్రతి తెలివీ తనను తానే తెలుసుకుంటూ పోతే చాలదా అని. ఇది అద్వైతికీ బౌద్ధుడికీ మధ్య వెయ్యేళ్లకు పైబడిన తగవు. కంటి కెమెరా ఆ తగవులో ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పదు, రెండు పక్షాలూ ఒప్పుకునే కొలతలే ఇస్తుంది. చార్వాకుడితో మాత్రం దానికి పొత్తు కుదరదు. ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణమన్నవాడు, ఆ ప్రత్యక్షాన్నే ప్రశ్నగా పెట్టుకున్న పరికరాన్ని నమ్ముకోలేడు.

భక్తుడి అభ్యంతరం వేరు. దర్శనాన్ని పరీక్షకు పెట్టడమే తప్పు అంటాడు. ఆయనకు చెప్పాల్సింది, ఆ పరీక్ష మన ఇంట్లో మొదలైందని. యోగికి మామూలు కంటికి అందనివి కనబడతాయని నైయాయికులు ఒప్పుకున్నారు. మీమాంసకుడైన కుమారిలుడు ఒప్పుకోలేదు. ఎంత సాధన చేసినా కన్ను దూరంగా ఉన్నదాన్నో సూక్ష్మమైనదాన్నో మరికొంత చూడగలదేమో గానీ, తన పరిధిని దాటి మరొకటి చూడలేదని ఆయన వాదం. వేదాన్ని ప్రాణంగా కాచుకున్న మతం నుంచే ఈ సందేహం వచ్చింది. కాబట్టి గండి తోరణాన్ని సందేహించినవాడు నాస్తికుడు కానక్కర లేదు. ఇక కన్నూ చూపూ ఒకటి కావన్న మాటకు భక్తుడికి తెలిసిన కథే చాలు. రాజంపేట దగ్గరి ఊటుకూరు వాడని చెప్పుకునే తిన్నడు, శ్రీకాళహస్తిలో శివుడి కంట నెత్తురు కారుతుంటే తన కన్ను పెరికి అతికించాడు. రెండో కంటా నెత్తురు కారింది. ఉన్న ఒక్క కన్నూ ఇచ్చేస్తే శివుడి కన్ను ఎక్కడుందో తెలియదు కనుక, ముందే అక్కడ కాలి బొటనవేలు ఆనించి గుర్తు పెట్టుకున్నాడు. ఆ కాలు పెట్టడం కథలో అందరూ ఆశ్చర్యపోయే చోటు. నాకు అక్కడ భక్తితో పాటు తెలివి కనబడుతుంది. రాబోయే చీకటిని లెక్కలోకి తీసుకుని, చూపు లేకపోయినా పని సాగేలా ఏర్పాటు చేసుకున్నాడు. కన్నును ఒక వస్తువుగా చేతిలోకి తీసుకోగలిగినవాడికి, ఆ కన్నును కెమెరా కొలిచినా వచ్చే నష్టం లేదు.

నష్టం ఉన్నది వేరే చోట. పాప కొలతను భక్తికో, శ్రద్ధకో, నిజాయితీకో తూనికగా వాడబోయినప్పుడు. అలా వాడాలన్న ఉత్సాహం ఊహ కాదు. పాప కొలతలతో అబద్ధం పట్టుకుంటామనే పరికరాలు బజార్లో ఉన్నాయి. తరగతిలో పిల్లల శ్రద్ధను కంటి కదలికతో కొలవాలనే మాట వినబడుతోంది. రేపు ఏ ధ్యానకేంద్రమో 'మీ పాపలు కుదుటపడ్డాయి, మీరు ఫలానా మెట్టు చేరారు' అని పత్రం ఇస్తే కొనుక్కునేవాళ్లూ ఉంటారు. జపం చేస్తూ మనసులో వడ్డీ లెక్క వేసుకుంటున్నవాడి పాప, మంత్రంలో మునిగినవాడి పాప కన్నా ఎక్కువ విచ్చుకోవచ్చు. యంత్రం మొదటివాడికే ఏకాగ్రత పతకం ఇస్తుంది, లెక్కలో తప్పేమీ లేకుండానే. ఈ విషయంలో మనకు తెలిసిన ఇంకో యంత్రాన్ని చూడండి. వేలిముద్రలు అరిగిపోయిన కూలీని ఆధార్ ఐరిస్ బొమ్మతో గుర్తుపడుతుంది. ఆ లెక్కకు పాప ఒక చికాకు. అది చిన్నదై పెద్దదై చుట్టూ ఉన్న ఐరిస్ అల్లికను సాగదీస్తుంది గనుక, ఆ మార్పును గణితంతో చదును చేసి పక్కన పెడతారు. పాపను కొలిచే సాఫ్ట్‌వేర్‌కు మారనిదైన ఐరిస్ అల్లికతో పని లేదు, అదే దాని మొదటి వడపోతలో పోతుంది. ఒకే కంటి ఫొటోలో, ఎవరన్నది తెలుసుకోవాలనుకున్న యంత్రం ఏం జరుగుతోందన్నదాన్ని పారేస్తోంది, ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకున్న యంత్రం ఎవరన్నదాన్ని పారేస్తోంది. రెంటినీ పక్కపక్కన పెట్టి కలిపి చదివినా, ఫలానా మనిషికి ఫలానా సమయంలో పాప ఇంత ఉంది అనే దాకానే వస్తాం.

మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసు తీర్పులో నార్కో పరీక్ష, పాలిగ్రాఫు, మెదడు తరంగాల పరీక్షలను మనిషి ఇష్టం లేకుండా చేయరాదని చెప్పింది. తన మీద తాను సాక్ష్యం చెప్పాలని ఎవరినీ బలవంతపెట్టరాదన్న రాజ్యాంగ హక్కు ఆ తీర్పుకు ఒక ఆధారం. పాప కొలత ఆ మూడింటి పేర్లలో లేదు. సూది గుచ్చనక్కర లేదు, తీగలు తగిలించనక్కర లేదు, దూరం నుంచి కనబడని కాంతిలో తీసుకోవచ్చు గనుక ఎదుటివాడికి తెలియకుండానే జరిగిపోగలదు. అందుకని దీనికి ఆ తీర్పు వెనక ఉన్న ఆలోచన మరింతగా వర్తించాలి. సమ్మతి లేకుండా కొలవకూడదు, సమ్మతితో కొలిచినదాని మీద 'భక్తి', 'నిజం', 'శ్రద్ధ' అని పేరు అంటించకూడదు. పరిశోధన చేసే విద్యార్థి గ్రాఫు పక్కన రాయాల్సింది పాప అడ్డుకొలత, మిల్లీమీటర్లలో, వెలుతురు ఇంత ఉండగా అని. దాని పక్కనే, కొలవబడిన మనిషి తనకు ఏమి కనబడిందని చెప్పాడో ఆ మాటను దిద్దకుండా, వేరే వరసలో రాయాలి.